దబీర్‌పురా నుంచి దారుల్‌షిఫా దాకా

దబీర్‌పురా దర్వాజా నుంచి దారుల్‌షిఫాకు కిలోమీటరు అటూ ఇటూ. తొందరపడకుండా నడిస్తే 12 నిమిషాలు. స్కూటీ మీద, దారి ఖాళీగా ఉంటే 4 నిమిషాలు. లేకపోతే ఇంచుమించు నడిచినంత సేపూ పడుతుంది. పాతబస్తీలో రోజువారీ రాకపోకలు చాలామటుకు ఇంత పొడవువే: దుకాణానికి, బడికి, మసీదుకో గుడికో, మీర్ ఆలం మండికి, నూర్‌ఖాన్ బజార్‌లో చుట్టాలింటికి. ఊరు కట్టిందే కాలినడక కొలతతో. చుట్టూ ప్రాకారం ఉన్న రోజుల్లో నగరానికి 13 దర్వాజాలు ఉండేవి. ఇవాళ నిలిచి ఉన్నవి రెండే, పురానాపూల్‌ది ఒకటి, దబీర్‌పురాది ఒకటి. ఆ కమాను కింద నుంచి ఇప్పుడు ఆటోలు, స్కూటర్లు ఒకదాని వెనక ఒకటి దూరి పోతుంటాయి.

ఇంత చిన్న దూరానికి బండి తియ్యాలా, కాలు కదపాలా అన్న ప్రశ్న మీద రెండు పక్షాలున్నాయి. వాటిని ఒకే ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి వినవచ్చు. ఒక పక్షం మేనమామది. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. డబుల్ డెక్కర్ బస్సుల్లో పైకీ కిందికీ ఏళ్ల తరబడి ఎక్కి దిగినవాడు. రెండో పక్షం మేనల్లుడిది. దారుల్‌షిఫాలో మందుల దుకాణం. నలభై దాటాయి. ఈమధ్య పరగడుపున చూపించుకుంటే రక్తంలో చక్కెర 112 వచ్చింది. మధుమేహం అని రాసే అంకె 126. ఇతను ఇంకా ఇవతలి గట్టున ఉన్నాడు.

"షుగర్ గోళీలు అమ్మెటోనివి. నీకే షుగర్ వస్తె ఎట్లరా అల్లుడా? ఆ స్కూటీ ఇంట్ల పెట్టి నడువు."

"పొద్దుగాల తొమ్మిదింటికి పోతె రాత్రి పదింటి దాకా కౌంటర్ కాడ నిలబడే ఉంట మామా. పొద్దుగూకెవరకు కాళ్లు కర్రలైతయ్. దాని మీద ఇంక నడక గూడనా?"

"నిలబడుడు, నడుసుడు ఒకటేనారా?"

ఒకటి కాదు. కదలక నిలబడ్డప్పుడు కాలి కండరం బిగుసుకుని ఉంటుంది, అంతే. నడకలో పిక్క ఒక్కో అడుగుకూ బిగిసి, వదులుతుంది. బిగిసినప్పుడల్లా సిరల్లోని రక్తాన్ని పైకి, గుండె వైపుకి నెడుతుంది. రోజంతా నిలబడే పనివాళ్లకు సాయంత్రానికి పాదాలు పొంగడం, ఏళ్లు గడిచాక సిరలు ఉబ్బి మెలికలు తిరగడం ఎక్కువగా ఆ నెట్టుడు లోపించడం వల్ల వచ్చేవే. అల్లుడి కాళ్లు కర్రలయ్యేది పని ఎక్కువై కాదు, కదలిక తక్కువై.

చక్కెర సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. రక్తంలోని గ్లూకోజు కండరంలోకి పోవాలంటే మామూలుగా ఇన్సులిన్ వచ్చి తలుపు తట్టాలి. పని చేస్తున్న కండరం మాత్రం ఆ తట్టుడు కోసం కాచుకోదు. గ్లట్-4 అనే ప్రోటీన్లు కణం లోపలి నుంచి పొర దగ్గరకు తరలివచ్చి గ్లూకోజును లోపలికి చేరవేస్తాయి. ఇన్సులిన్ మాట ఒంటికి సరిగా పట్టని మనిషిలో కూడా ఈ రెండో దారి తెరుచుకునే ఉంటుంది. నడక ఆపాక కొన్ని గంటల పాటు కండరం ఇన్సులిన్‌కు మునుపటి కంటే బాగా స్పందిస్తుంది. అందుకే రోజూ కొంత నడవడం, వారానికొకసారి ఎక్కువగా నడవడం ఒకటే ఫలితం ఇవ్వవు. అల్లుడు రోజూ పట్టీలకు పట్టీలు అమ్మే మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం నుంచి వెలువడే చక్కెరను తగ్గిస్తుంది. కండరం చేసే పని వేరు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనే లెక్క ఇక్కడ కుదరదు.

దేశం సంగతి చూస్తే, భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. అందులో మధుమేహం ఉన్నవారి అంచనా 10.1 కోట్లు. అల్లుడిలా ఇవతలి గట్టున నిలబడ్డవారు 13.6 కోట్లు. ఈ రెండో అంకె పెద్దది కావడమే కాదు, చెయ్యగలిగింది ఎక్కువగా మిగిలి ఉన్నదీ వీళ్ల దగ్గరే.

మామ దగ్గర ఈ అంకెలు లేవు. ఆయన దగ్గర ఉన్నది బస్సు.

"మా బస్సుల డ్రైవర్ కూసుండెటోడు, నేను తిరిగెటోన్ని. భుజానికి తోలు సంచి, చేతుల టికెట్ల కట్టలు. కింద టికెట్లు కొట్టుడైతదో లేదో పైకి ఎక్కాలె. పైన అయితదో లేదో స్టాప్ వస్తది, మల్ల కిందికి దిగాలె. రైట్ రైట్ అనుకుంట నా దినమంత మెట్ల మీదనే పాయె. డ్రైవర్లల్ల ఎంతమందికి గుండె నొప్పి వచ్చెనో నాకెరుక."

"నీకు తెలిసిన నలుగురిని జూసి లోకమంత గట్లనే అనుకుంటె ఎట్ల మామా?"

అల్లుడి అభ్యంతరం న్యాయమైనదే. నలుగురిని చూసి నిర్ణయం చెయ్యలేం. అయితే మామ చెప్పిన పోలికనే వేల మంది మీద పట్టి చూసిన వైద్యుడు ఒకరున్నారు. ఆయన పేరు జెర్రీ మోరిస్. లండన్ రవాణా సంస్థలో డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి 1953లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. డ్రైవర్లు డ్యూటీలో ఎక్కువ భాగం కూర్చునే ఉండేవారు. డబుల్ డెక్కర్ కండక్టర్లు రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కేవారు. ఒకే సంస్థ, ఒకే బస్సు, ఇంచుమించు ఒకే జీవనం. కండక్టర్లకు గుండెపోటు తక్కువగా వచ్చింది. వచ్చినా వెంటనే ప్రాణం పోవడం తక్కువగా జరిగింది. శరీరశ్రమకూ గుండెకూ సంబంధం ఉందని వైద్యలోకం అంకెలతో చూడడం అక్కడ మొదలైంది. పాతబస్తీ బస్సుల్లో తోలు సంచి మోసిన మనుషులు ఆ పరిశోధన పేరు విని ఉండరు, కానీ దాని లోపలి మనుషులు వాళ్లే.

దీనికి అల్లుడు మంచి ప్రశ్నే వేశాడు. "సన్నగున్నోడు కండక్టర్ అయితడు, లావుగున్నోడు సీట్ల కూసునే పని దేవులాడుకుంటడు. రోగం ముందే ఉన్నదేమో?" మోరిస్‌కూ ఇదే అనుమానం వచ్చింది. తీర్చుకోవడానికి ఆయన పట్టుకున్నది దర్జీ కొలతలు. సంస్థ ఇచ్చే యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతల లెక్క 1956లో బయటపెట్టారు. డ్రైవర్ల నడుములు నిజంగానే పెద్దవి, అదీ కొలువులో చేరిన చిన్న వయసు నుంచే. అంటే అల్లుడి అనుమానంలో కొంత నిజం ఉంది. అయితే తరవాత సాగిన పరిశీలనలో సన్నగా ఉన్నా, మధ్యస్థంగా ఉన్నా, లావుగా ఉన్నా కండక్టర్లలో హఠాన్మరణాలు తక్కువగానే కనబడ్డాయి. ఒంటి తీరు మొత్తం కథ చెప్పలేదు. మెట్లు తమ వంతు పని చేశాయి.

ఇంకాస్త దగ్గరికి, మన ఊరికే రావచ్చు. లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరుల్లోని కర్మాగారాల కార్మికులు, వారి బంధువుల మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది. హైదరాబాద్‌లో ఎంచుకున్నది భెల్. వాళ్లు పనికి ఎలా వెళ్తున్నారో, వాళ్ల ఆరోగ్యం ఎలా ఉందో పోల్చిన ఫలితాలు 2013లో వచ్చాయి. సొంత బండి మీద వెళ్లేవారిలో సగం మంది బరువు ఎక్కువ ఉన్నారు. బస్సులూ రైళ్లూ వాడేవారిలో 38 శాతం. నడిచేవారిలో 25, సైకిల్ తొక్కేవారిలో 24. సైకిల్ వాళ్లలో రక్తపోటు, మధుమేహం కూడా తక్కువే.

"సైకిల్ మీద పొయ్యెటోడు గరీబోడు మామా. తిండే తక్కువుంటది. అండ్ల సైకిల్ గొప్పేముంది?"

పరిశోధకులు ఆ తేడాలను వదిలెయ్యలేదు. వయసు, జీవన స్థాయి, వృత్తి, తిండిలో కొవ్వు, పొగ, మద్యం, అన్నీ లెక్కలోకి తీసుకుని సవరించాకే తేడా మిగిలిందని చూపారు. ఒకే కాలంలో తీసిన చిత్రం కాబట్టి ఇదే కారణం అని గట్టిగా చెప్పడానికి అది ఒక్కటే చాలదు. కానీ బ్రిటన్‌లో రెండు లక్షల అరవై వేలకు పైగా మనుషులను కొన్నేళ్లు వెంబడించి 2017లో ప్రచురించిన అధ్యయనం కూడా అదే దిక్కుకు చూపింది: పనికి సైకిల్ మీద వెళ్లేవారికి మరణం ముప్పు 41 శాతం తక్కువ. వేర్వేరు ఊళ్లు, వేర్వేరు పద్ధతులు ఒకే వైపు చూపుతున్నప్పుడు తోసిపుచ్చడం కష్టం.

ఇక ఎంత నడవాలి అన్నది. రోజుకు పది వేల అడుగులన్న మాట బాగా నాటుకుపోయింది. దాని పుట్టుక 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరులో ఉంది; ఆ పేరుకు అర్థమే పది వేల అడుగుల మీటరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క అడుగుల్లో కాదు, నిమిషాల్లో. 2020 సూచనల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలి. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగంతో నడిస్తే అది ఆ కోవలోకి వస్తుంది. పూర్వం ఒక్కో దఫా కనీసం పది నిమిషాలైనా ఉండాలనేవారు. ఆ షరతు ఇప్పుడు తీసేశారు. మూడు నిమిషాల నడక కూడా జమ అవుతుంది.

అరుగు మీద లెక్క ఇలా నడిచింది.

"పోను 12, రాను 12. ఆరు దినాలు. ఎంతాయెరా?"

"నూట నలభై నాలుగు."

"ఆరు తక్కువ. ఆదివారం నాడు మండికి పోయి కూరగాయలు తేరాదు?"

"మధ్యాహ్నం అన్నానికి వచ్చి పోత గద మామా. అది గూడ నడిస్తె 288 అయితది. అయితది గాని, ఏప్రిల్‌ల, మే నెలల ఒంటి గంటకు ఈ తొవ్వల నడిచి జూడు నువ్వు."

ఇక్కడ అల్లుడి మాటే నిలబడుతుంది. ఎండాకాలం నడిమధ్యాహ్నం హైదరాబాద్‌లో 40 డిగ్రీలు దాటిన వేళ నడక ఆరోగ్యం కిందికి రాదు. అన్నం తిన్నాక కాసేపు నెమ్మదిగా అటూ ఇటూ తిరిగితే చక్కెర ఎగబాకడం తగ్గుతుందని పరీక్షల్లో తేలిన మాట నిజమే, రెండు మూడు నిమిషాలైనా ఫలితం కనబడుతుంది. దానికి నడిరోడ్డు అక్కర్లేదు, దుకాణం వెనక నీడపట్టు గల్లీ చాలు. కాబట్టి మధ్యాహ్నం ఇంటికి రావడం మానుకుని టిఫిన్ డబ్బా తీసుకుపోవడం, పొద్దుటి నడక, రాత్రి నడక ఉంచుకోవడం: ఇంత వరకు ఇద్దరికీ ఒప్పందం కుదిరింది.

తరవాతి అభ్యంతరం అంత తేలిగ్గా లొంగేది కాదు.

"రోడ్డు మీద నడిచెటోనికి జాగ యాడుంది మామా? ఒక పక్క మోరీ, ఒక పక్క పెట్టిన బండ్లు. నడుమ నుంచి ఆటో వస్తది. రాత్రి పదింటికి యెనక నుంచి ఎవడు గుద్దుతడో తెల్వది. షుగర్‌తోని ఇరవై ఏండ్లకు పొయ్యెటోడు ఇయ్యాల్నే పోతడు."

ఇది మాటవరసకు అన్నది కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో దాదాపు 33 వేల మంది పాదచారులు. నడిచి ఆరోగ్యంగా ఉండమని చెప్పి, నడిచేవాడిని లారీ ముందు వదిలెయ్యడం సలహా అనిపించుకోదు. మామ దీనికి ఇచ్చిన జవాబు అదే పట్టికలోని ఇంకో వరస: అదే ఏడాది పోయినవారిలో ద్విచక్ర వాహనాల వాళ్లు 44.5 శాతం. స్కూటీ ఎక్కితే రక్షణ దొరికినట్టు కాదు. అయినా ఈ జవాబు అల్లుడి భయాన్ని తీర్చదు, తీర్చాల్సిన పనీ దానిది కాదు. ఈ అభ్యంతరానికి సమాధానం చెప్పాల్సింది నడిచే మనిషి కాదు, వీధి వేసినవారు.

ఆ సమాధానం ఎలా ఉండాలో కాగితం మీద ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన సూచనల ప్రకారం ఫుట్‌పాత్‌కు అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. ఇద్దరు మనుషులు ఎదురుపడి తప్పుకునేంత వెడల్పు, మోకాళ్ల నొప్పి ఉన్న ముసలమ్మ ఎక్కగలిగేంత ఎత్తు అది. ఇళ్ల గోడలే రోడ్డంచుగా ఉన్న దబీర్‌పురా గల్లీల్లో 1.8 మీటర్లు వదలడం కుదరదు. అలాంటి చోట చెయ్యగలిగింది బండ్ల వేగం తగ్గించడం. మనుషులూ బండ్లూ కలిసి తిరిగే వీధుల్లో వేగం 30 కిలోమీటర్లు మించనియ్యకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో దేశాల మంత్రులు ప్రకటన చేశారు. ఇంత పాత వీధులున్న నగరంలో ఆ అంకె బోర్డు మీద కాదు, గల్లీ మలుపులో, వేగనిరోధకంలో కనబడాలి.

పొగ మీద కూడా వాదన నడిచింది. ఆటోల పొగ పీలుస్తూ నడిస్తే ఊపిరితిత్తులు చెడవా అన్నది అల్లుడి ప్రశ్న. గాలిలోని సన్నని ధూళి, పీఎం 2.5, ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం పెట్టుకున్న హద్దు 40. ధూళి చేసే కీడునూ, నడక చేసే మేలునూ తూచి చూసిన లెక్క ఒకటి 2016లో వచ్చింది. ధూళి 100 మైక్రోగ్రాములున్న చోట కూడా రోజుకు గంటన్నర దాకా సైకిల్ తొక్కడం, పది గంటల దాకా నడవడం చెడు కంటే మేలే ఎక్కువ చేస్తాయని దాని సారాంశం. ఉబ్బసం ఉన్నవారి సంగతి వేరు. మిగతావారు పెద్దరోడ్డు వదిలి లోపలి గల్లీ పట్టుకుంటే పీల్చే పొగ తగ్గుతుంది. స్కూటీ మీద పోయేవాడు పీల్చేదీ ఆ రోడ్డు గాలే.

దూరం కిలోమీటరు దాటినప్పుడు నడకకూ బండికీ మధ్య మూడోది ఉంది. దబీర్‌పురాకు సొంత రైల్వే స్టేషనుంది. ఫలక్‌నుమా లైను మీద మలక్‌పేటకూ యాకుత్‌పురాకూ నడుమ. 2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్ ఇక్కడ ఆగుతుంది. బస్సు, రైలు ఎక్కేవాడు రెండు కొసలా నడవక తప్పదు. అమెరికాలో 2005లో వచ్చిన లెక్క ప్రకారం ప్రజా రవాణా వాడేవారు కేవలం ఎక్కడానికీ దిగడానికీ రోజుకు 19 నిమిషాలు నడుస్తారు. భెల్ అధ్యయనంలో బస్సు వాళ్లు నడకవాళ్లకూ బండివాళ్లకూ మధ్యలో నిలవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

"మీ అత్తను జూడు. గా ఫ్రీ బస్సు వచ్చినంక ఆటో మానేసింది. స్టాప్ దాక నడుస్తది, దిగినంక నడుస్తది. ఎవ్వలు చెప్పిన్రు ఆమెకు ఎక్సర్‌సైజ్ చెయ్యుమని?"

తెలంగాణలో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం 2023 డిసెంబరు 9న మొదలైంది. దాన్ని ఆరోగ్య పథకంగా ఎవరూ పిలవలేదు. ఇంటి గుమ్మం దగ్గర ఆటో ఎక్కే ఆడమనిషి స్టాపు దాకా నడిచేలా చేస్తే మాత్రం ఆ ఖాతాలో కూడా కొంత రాయాల్సిందే. పాతబస్తీలో ఆడవాళ్లు నడక కోసం నడవడానికి పార్కులు తక్కువ, చూసే కళ్లు ఎక్కువ. పని మీద వెళ్లే నడకకు ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు.

ఎవరు ఎంత నడవకూడదు అన్న దగ్గర పెద్దరికం అల్లుడిదైంది. అది అతని వృత్తి. గ్లిమిపిరైడ్ లాంటి గోళీలు, ఇన్సులిన్ వాడేవారు ఖాళీ కడుపుతో గబగబా నడిస్తే చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు, అందుకని జేబులో చక్కెరో తీపి బిళ్లలో ఉంచుకోవాలి. అరికాళ్లకు స్పర్శ తగ్గినవారు వట్టికాళ్లతో నడవరాదు. చెప్పులోకి రాయి దూరినా తెలియదు, ఇంటికొచ్చి పాదం తిప్పి చూసుకోవాలి. నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టై, ఆగితే తగ్గుతోందంటే అది అలసట అనుకోకుండా డాక్టరుకు చూపించాలి.

"ముందు నీ సంగతి చెప్పు మామా. మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్లు అరగగొట్టుకున్నవ్. నడక మంచిదని నాకు చెప్తున్నవ్."

మామ ఒప్పుకున్నాడు. మెట్లు మోకాలి చిప్ప మీద మోపే బరువు సమతల నడక కంటే బాగా ఎక్కువ. కానీ మోకాలి అరుగుదలకు మందుల కంటే ముందు చెప్పే చికిత్స తొడ కండరాన్ని బలపరిచే వ్యాయామమే. చదును నేల మీద నొప్పి పెరగనంత మేర నడవడం అందులో భాగం. పూర్తిగా కూర్చుంటే తొడ సన్నబడి, కీలు మీద భారం ఇంకా పెరుగుతుంది. మామ దర్వాజా నుంచి దారుల్‌షిఫాకు ఇప్పుడు 20 నిమిషాలు తీసుకుంటాడు. పురానీ హవేలీ వైపు ఒక దుకాణం గట్టు మీద కూర్చుని, మోకాలు చేత్తో రాసుకుని, మళ్లీ లేస్తాడు. 1595లో మహమ్మద్ కులీ కుతుబ్ షా ఆసుపత్రిగా కట్టించిన దారుల్‌షిఫా దగ్గర అల్లుడి దుకాణం షట్టరు అప్పటికి సగం లేచి ఉంటుంది.